బిందెలో పటికే.. పాప టీకాలోనూ!

మా పాపకి ఎనిమిది వారాలు నిండిన రోజది. క్రాయిడన్‌లో మా వీధి చివరే డాక్టర్ సర్జరీ. (ఇక్కడ సర్జరీ అంటే కోతలూ కుట్లూ కాదు, మనూళ్ళో డాక్టరుగారి క్లినిక్ లాంటిది. కొత్తల్లో ఆ మాట విని కంగారుపడినవాళ్ళలో మేమూ ఉన్నాం.) రాజమండ్రి నుంచి ఆర్నెల్ల వీసా మీద వచ్చిన అమ్మమ్మ కూడా మా వెంట బయల్దేరింది. పాప కాళ్ళు ఎవరు పట్టుకోవాలా అని మేమిద్దరం తర్జనభర్జన పడుతుంటే, ఆవిడ చూపు మాత్రం నర్సు చేతి మీదే ఉంది. నర్సు సిరంజిని వెలుతురుకి పెట్టి చూసి గబగబా కుదిపింది. అప్పటిదాకా పైన తేటగా, అడుగున తెల్లటి మడ్డితో ఉన్న మందు కాస్తా పల్చటి మజ్జిగలా అయింది.

"అదేమిటే, గోదారి నీళ్ళలో పటికేసినట్టుంది?" అంది అమ్మమ్మ.

మేము నవ్వేశాం. పాప ఏడుపులో ఆ మాట అక్కడితో కొట్టుకుపోయింది.

అదే రాత్రి న్యూజెర్సీలో ఉన్న అన్నయ్యగారి దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. పిల్లల టీకాల్లో అల్యూమినియం కలుపుతున్నారట, అది నేరుగా మెదడుకెక్కుతుందట, ఇంకో పదిమందికి పంపమట. చదువుకున్నవాళ్ళం, ఇలాంటివి నమ్మం అని ఎంత అనుకున్నా, ఉయ్యాల్లో జ్వరంతో మూలుగుతున్న పసిదాన్ని చూస్తుంటే నిద్రెలా పడుతుంది? ఈ దేశంలో ఆరు జబ్బులకి కలిపి ఇచ్చే ఆ టీకా 8, 12, 16 వారాలకు మూడుసార్లు వేస్తారు. అంటే సరిగ్గా నాలుగు వారాల్లో రెండోది వేయించాలి. వేయించాలా, ఆగాలా?

మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్, ఇంకొకరు విశాఖలో బీఫార్మసీ చదివారు. ఆ పాత పాఠాల దుమ్ము దులిపి కూర్చున్నాం. తీరా చూస్తే అమ్మమ్మ అన్నదే నిజం. ఆ సిరంజిలో అడుక్కి దిగినది పటిక కాకపోయినా దాని తోబుట్టువే. అసలు ఈ టీకా కథ పటికతోనే మలుపు తిరిగింది.

బిందెలో ఏం జరుగుతుంది?

శ్రావణంలో గోదారికి ఎర్రనీళ్ళు వచ్చాక కుళాయిలోనూ టీ రంగు నీళ్ళే వచ్చిన రోజులు అమ్మమ్మకి బాగా గుర్తు. పటిక గడ్డని గుడ్డలో కట్టి బిందెలో నాలుగు తిప్పులు తిప్పి మూత పెట్టేస్తే, తెల్లారేసరికి బురదంతా అడుక్కి దిగి పైన నీళ్ళు అద్దంలా ఉండేవి. పటిక లేనివాళ్ళు చిల్లగింజ అరగదీసి కలిపేవారట.

బురద రేణువులకి ఋణ విద్యుదావేశం ఉంటుంది. అన్నిటిదీ ఒకే ఆవేశం కాబట్టి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలో తేలుతూ ఉంటాయి. పటిక కరిగాక అందులోని అల్యూమినియం దూదిపింజల్లాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్‌గా మారుతుంది. దానిది ధనావేశం. ఇంకేముంది, బురద వచ్చి దాన్ని అంటుకుంటుంది, బరువెక్కి దిగిపోతుంది.

ఇలా ఒక పదార్థం ఇంకోదాని ఉపరితలానికి అంటుకోవడాన్నే మన సైన్సు పుస్తకాల్లో అధిశోషణం అన్నారు. శోషణకీ దీనికీ తేడా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పూరీ నూనె పీల్చుకుంటే అది శోషణ. కొత్తావకాయలో మామిడి ముక్క ఒంటికి ఆవపిండి పట్టుకుని ఉంటే అది అధిశోషణం. ఒకటి లోపలికి పోతుంది, ఇంకొకటి పైనే కూర్చుంటుంది. టీకాల సంగతి మాట్లాడేటప్పుడు ఈ 'పైనే కూర్చోవడం' అన్నది గుర్తుపెట్టుకోవాలి.

కోరలు పీకిన విషం

టీకా దాకా వెళ్ళేముందు జబ్బు సంగతి చెప్పాలి. పటిక మాట ఎత్తగానే అమ్మమ్మ తనకి ఊహ తెలిసిన మొదటి సంగతి చెప్పింది. మాకెప్పుడూ చెప్పనిది. కోనసీమలో వాళ్ళ ఊళ్ళో తమ్ముడు పుట్టాడట. మంత్రసాని కొడవలితో బొడ్డు కోసి, పేడ కాల్చిన బూడిద అద్దింది. వారం బాగానే ఉన్నాడు. ఎనిమిదో రోజున పాలు పట్టడం మానేశాడు. దవడలు బిగుసుకుపోయాయి. చిన్న చప్పుడైనా ఒళ్ళంతా విల్లులా వంగిపోయేది. బాలసారె కాకముందే, పేరైనా పెట్టకుండానే పోయాడు. ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఆ మాట ఎత్తలేదట.

ధనుర్వాతం అన్న పేరులో ఉన్న ధనుస్సు అదే. దాన్ని కలిగించే సూక్ష్మజీవి మట్టిలో, పేడలో ఏళ్ళ తరబడి విత్తనంలా పడి ఉంటుంది. మనిషిని చంపేది ఆ సూక్ష్మజీవి కాదు, అది విడిచే విషం. ఉప్పు గల్లు బరువులో మూడొందలో వంతు చాలు ఒక మనిషి ప్రాణం తియ్యడానికి. ఎంత తక్కువంటే, ధనుర్వాతం వచ్చి బతికి బయటపడినవాళ్ళకి కూడా దాన్ని తట్టుకునే శక్తి రాదు. చంపే మోతాదు శరీరం గుర్తుపట్టే మోతాదుకన్నా తక్కువ మరి! జబ్బు నుంచి కోలుకున్నాక కూడా వాళ్ళు టీకా వేయించుకోవాల్సిందే.

డిప్తీరియా, అంటే మన పెద్దలు కంఠసర్పి అన్నది కూడా విషం పని చేసే జబ్బే. గొంతులో తోలులాంటి పొర కట్టి పసిపిల్లలకి ఊపిరాడదు, విషం గుండెకి చేరుతుంది. హైదరాబాద్‌లో నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని పాతవాళ్ళు ఇంకా కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట జనం నోట్లో నాని కోరంటి అయింది. 2003-2006 మధ్య కూడా ఆ నగరంలో డిప్తీరియా పోలేదని పరిశోధకులు లెక్కలతో సహా రాశారు. మనం వదిలేసి వచ్చిన ఊళ్ళ సంగతే ఇది, ఎప్పుడో తాతల నాటిది కాదు.

విషాన్ని టీకాగా మార్చిన కిటుకు ఫార్మాలిన్. బయాలజీ ల్యాబులో కప్పల సీసాలో ఘాటుగా వాసనొచ్చేది, అదే. ఆ విషానికి కాస్త ఫార్మాలిన్ కలిపి, ఒంటి వేడి దగ్గర కొన్ని వారాలపాటు ఉంచితే విషం విరుగుతుంది, రూపు మాత్రం మిగులుతుంది. పాముకి పడగ ఉంటుంది, కోరలుండవు. శరీరం ఆ పడగని చూసి పాముని గుర్తుపట్టడం నేర్చుకుంటుంది. దీన్నే టాక్సాయిడ్ అంటున్నాం. ప్యారిస్ పాశ్చర్ సంస్థలో గాస్టన్ రామన్ అనే పశువైద్యుడు 1923లో దీన్ని పద్ధతిగా తయారుచేసి చూపించారు. అదే ఏడు లండన్‌లో అలెగ్జాండర్ గ్లెన్నీ, తన సహచరి హాప్కిన్స్‌తో కలిసి ఇలాంటి సంగతే ప్రకటించారు. గ్లెన్నీకి ఇది చాలా ఏళ్ళ ముందే అనుకోకుండా తగిలిందని చెబుతారు. విషం నిలవ ఉంచే పెద్ద పెద్ద జాడీలు స్టెరిలైజ్ చేసే యంత్రంలో పట్టక ఫార్మాలిన్‌తో కడిగేవారట. సరిగా తొలవని ఒక జాడీలో విషం నిర్వీర్యమైపోయిందట. అంట్లు సరిగా తోమకపోవడం వల్ల మేలు జరిగిన సందర్భం మాకు తెలిసి ఇదొక్కటే!

తేట పారబోసి, మడ్డి దాచుకుని..

ఈ గ్లెన్నీ గారు పనిచేసిన చోటు మా ఇంటికి ఇంత దగ్గరని తెలిసినప్పుడు భలే ఆశ్చర్యమేసింది. క్రాయిడన్‌లో ట్రామ్ ఎక్కితే ఒక లైనుకి బెకెన్‌హామ్ జంక్షన్ ఆఖరి స్టాపు. ఆ ఊళ్ళోనే లాంగ్లీ కోర్ట్ అనే చోటికి 1922లో వెల్‌కమ్ వారి ఫిజియలాజికల్ రీసెర్చ్ లేబొరేటరీలు హెర్న్ హిల్ నుంచి తరలివచ్చాయి. 1899లో కుర్రాడిగా ఆ సంస్థలో చేరిన గ్లెన్నీ జీవితమంతా అందులోనే గడిపేశారు. ఒక ఆదివారం పాపని ప్రామ్‌లో వేసుకుని అందరం వెళ్ళాం. చూడటానికేమీ లేదు లెండి. ల్యాబులూ గుర్రాల శాలలూ ఉన్నచోట ఇప్పుడు కొత్త ఇళ్ళు, అపార్ట్‌మెంట్లు. అమ్మమ్మ మాత్రం ఒక బెంచీ మీద కూర్చుని, "ఇక్కడేనా పటికేసింది?" అని నేలవైపు చూసింది.

ఇక్కడే. అసలు పటిక ఎందుకు వెయ్యాల్సి వచ్చిందంటే, టాక్సాయిడ్ ఒంటరిగా రాదు. ఆ సూక్ష్మజీవులు తిని పెరగడానికి మాంసం ఉడికించిన రసం, అరగదీసిన ప్రొటీన్లు కలిపిన సూపు కావాలి. ధనుర్వాతం క్రిములకైతే గాలి తగలకుండా మూసిపెట్టాలి, రోజుల తరబడి పెంచాలి. క్రిములు చచ్చి పగిలాక వాటి విషం ఆ సూపులోకి దిగుతుంది. వడగడితే క్రిములు పోతాయి కానీ సూపులో మిగిలిన సరుకంతా అలాగే ఉంటుంది. టాక్సాయిడ్ అందులో చాలా చిన్న భాగం. ఆ మురికితో సహా ఇంజెక్షన్ ఇస్తే చెయ్యి వాచిపోవడం, ఒళ్ళు కాలిపోవడం. పిల్లలకన్నా పెద్దవాళ్ళకి మరీ ఎక్కువ. టొరంటోలో మలోనీ అనే శాస్త్రవేత్త 1927లో, ముందు చర్మంలో చుక్క మందు వేసి ఎవరికి పడదో చూసే పరీక్షనే పెట్టాల్సి వచ్చింది.

గ్లెన్నీ బృందం ఈ మురికిలోంచి టాక్సాయిడ్‌ని వేరుచేద్దామని పటిక వేసింది. బిందెలో జరిగిందే జరిగింది. తెల్లటి పింజలు ఏర్పడ్డాయి, టాక్సాయిడ్ వాటికి అంటుకుని అడుక్కి దిగింది. అయితే ఇక్కడో తమాషా ఉంది. బిందెలో తేట మనది, మడ్డి పారబోస్తాం. ఇక్కడ తేట పారబోస్తారు, మడ్డి దాచుకుంటారు. సూపులో ఉన్న చెత్తలో చాలావరకు ఆ తేటతో పోతుంది. మడ్డిని మళ్ళీ ఉప్పునీటితో కడిగితే ఇంకాస్త పోతుంది.

శుభ్రం చేద్దామని మొదలుపెడితే చేతికి ఇంకోటి తగిలింది. ఈ పటిక మడ్డిని గినీ పందులకి ఇచ్చి చూస్తే, మామూలు టాక్సాయిడ్ ఇచ్చినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా విషం విరుగుడు వాటి రక్తంలో పుట్టింది. 1926లో గ్లెన్నీ, పోప్, వాడింగ్టన్, వాలెస్ కలిసి దీన్ని ప్రకటించారు. నేటి టీకాల్లో చాలావాటిలో అల్యూమినియం లవణాలు ఉండటానికి మూలం ఆ చిన్న ప్రయోగం.

ఇలాంటిదే ఇంకో దారిలో రామన్‌కీ దొరికింది. ఇంజెక్షన్ ఇచ్చినచోట కురుపు లేచిన గుర్రాలే ఎక్కువ విరుగుడు ఇస్తున్నాయని ఆయన గమనించారు. మరి కావాలనే కాస్త మంట పుట్టిస్తే? టాక్సాయిడ్‌లో రకరకాల వస్తువులు కలిపి చూశారు. రొట్టె పొడి ఒకటి, ఇంకొకటి ట్యాపియోకా, అంటే మన సగ్గుబియ్యం! పెద్దాపురం వైపు సగ్గుబియ్యం ఫ్యాక్టరీలు చూసి పెరిగిన అమ్మమ్మకి ఈ సంగతి చెబితే, "పాయసం చేసుకోవాల్సినవి గుర్రానికి పొడిచారా?" అని విస్తుపోయింది. సగ్గుబియ్యం నిలవలేదు. పటిక నిలిచింది.

అయితే పటిక పేరు పోయి పద్ధతి మిగిలింది. టాక్సాయిడ్‌లో నేరుగా పటిక కలిపితే ఏ బ్యాచికి ఆ బ్యాచి ఒక్కోలా వచ్చేది. సూపులో ఫాస్ఫేట్ ఎంతుంటే మడ్డి స్వభావం అంత మారేది. అందుకని తర్వాత్తర్వాత ముందే శుద్ధిగా తయారుచేసిన అల్యూమినియం హైడ్రాక్సైడ్ గానీ అల్యూమినియం ఫాస్ఫేట్ గానీ తీసుకుని, దాని మీదకి టాక్సాయిడ్‌ని ఎక్కించడం మొదలుపెట్టారు. 1940ల్లో ఇదే లండన్‌లో హోల్ట్ అనే ఆయన శుద్ధి చేసిన డిప్తీరియా టాక్సాయిడ్‌ని అల్యూమినియం ఫాస్ఫేట్‌కి పట్టించి చూపించారు. ఇప్పటి ఫ్యాక్టరీల్లో శుద్ధి పని చాలావరకు ముందే అయిపోతుంది. అతి సన్నని వడపోతలు, అమ్మోనియం సల్ఫేట్ లవణంతో విడగొట్టడం లాంటివన్నీ చేశాక చివర్లో అధిశోషణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలత ప్రకారం ఒక మిల్లీగ్రాము ప్రొటీన్ నైట్రోజన్‌కి ధనుర్వాతం టాక్సాయిడ్ అయితే కనీసం 1000, డిప్తీరియాదైతే 1500 ఎల్‌ఎఫ్ యూనిట్లు ఉండాలి. ఆ యూనిట్ కూడా రామన్ పెట్టిందే. టాక్సాయిడ్‌నీ విరుగుడునీ వేర్వేరు పాళ్ళలో గాజు గొట్టాల్లో కలిపి, ఏది ముందు పాలలా విరిగితే దాన్నిబట్టి లెక్కగడతారు.

మేము శాకాహారులం, ఆ మాంసం సూపు సంగతేమిటి అని అడిగే స్నేహితులున్నారు. ఇప్పుడు ధనుర్వాతం క్రిములకి ముఖ్యమైన ఆహారం పాలలోని కేసిన్ ప్రొటీన్. కొందరు తయారీదారులు పశువుల నుంచి వచ్చిన సరుకు ఇంకా వాడుతున్నారు. పైన చెప్పిన శుద్ధి అంతా అయ్యాక అందులో మిగిలేది లేశమాత్రం. మేమైతే దీని గురించి పట్టింపు పెట్టుకోలేదు. ఎవరి మనసు వాళ్ళది.

పటిక కలిస్తే టీకా ఎందుకు బలపడుతుందో కూడా తేలిగ్గా తేలలేదు. రేణువులకి అంటుకున్న టాక్సాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చినచోటే మూటలా ఉండి మెల్లగా విడుదలవుతుందని గ్లెన్నీ 1931లో చెప్పారు. పుస్తకాలన్నీ అదే రాసుకున్నాయి, మేమూ అదే బట్టీపట్టాం. కానీ 2012లో ఎలుకల మీద చూస్తే, ఇంజెక్షన్ ఇచ్చిన రెండు గంటలకే ఆ చోటుని కోసి తీసేసినా ఫలితంలో తేడా లేదు. ఒంటి కాపలా కణాలు ఈ రేణువులని చూడగానే ప్రమాదమని గుర్తించి మింగడం, ఆ వార్త గ్రంథులకి మొయ్యడం అసలు పని అని ఇప్పుడు ఎక్కువమంది అంటున్నారు. ఏదైతేనేం, ద్రవంలో తేలే టాక్సాయిడ్ కన్నా రేణువు మీద కూర్చున్న టాక్సాయిడ్ వాటికి తేలిగ్గా దొరుకుతుంది.

దీని ఫలితం ఎంతో చెప్పాలంటే ఈ దేశం లెక్కే చూడండి. 1940లో బ్రిటన్‌లో 61,000కి పైగా డిప్తీరియా కేసులు, 3,283 మరణాలు. దేశమంతా టీకాలు మొదలుపెట్టాక, 1957 నాటికి 38 కేసులు, ఆరు మరణాలు. మన దగ్గర ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పురిటి బిడ్డల ధనుర్వాతం నిర్మూలన స్థాయికి చేరిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ వారపత్రిక 2004లో రాసింది. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. ఇందులో టీకాకి ఎంత వాటా ఉందో ఆస్పత్రి కాన్పులకీ, శుభ్రమైన బ్లేడుకీ అంత వాటా ఉంది. కడుపుతో ఉన్న తల్లికి వేసిన టీకా వల్ల పుట్టిన విరుగుడు బొడ్డుతాడు ద్వారా బిడ్డకి చేరుతుంది. "నాకు రెండుసార్లూ నర్సమ్మ ఇంటికొచ్చి వేసింది" అని అమ్మమ్మ ఇప్పుడు గర్వంగా చెబుతోంది. ఆ సీసాలు ఎక్కడివో ఆవిడకి తెలీదు గానీ, 1953లో హైదరాబాద్‌లో మొదలైన బయలాజికల్ ఇ సంస్థ ఇవాళ ప్రపంచంలో ధనుర్వాతం టీకా అతి ఎక్కువగా తయారుచేసేవాటిలో ఒకటి. బెకెన్‌హామ్‌లో మొదలైన పని ఇప్పుడు మన ఊళ్ళో పెద్ద ఎత్తున సాగుతోందన్నమాట.

గడ్డకడితే చెడినట్టే

టీకా అంటే చల్లగా ఉంచాలి, ఎంత చల్లగా ఉంచితే అంత మంచిది అనుకునేవాళ్ళం. ఇది మాత్రం తప్పు. ఈ అధిశోషిత టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. కాసేపు వేడి తగిలినా కొంత తట్టుకుంటాయి గానీ, ఒక్కసారి గడ్డకట్టాయా, ఇక అంతే. పెరుగుని ఫ్రీజర్‌లో పెట్టి కరిగిస్తే ఏమవుతుందో ఆడవాళ్ళకి చెప్పక్కర్లేదు, వంటింట్లోకి వెళ్ళే మగవాళ్ళకి కూడా. పలుకులు పలుకులుగా విరిగిపోతుంది, మళ్ళీ ఎంత గిలక్కొట్టినా మునుపటిలా రాదు. అల్యూమినియం పింజలు కూడా మంచు పలుకుల ఒత్తిడికి ముద్దకట్టి పెద్ద రేణువులవుతాయి. వాటి మీద టాక్సాయిడ్ పట్టు దెబ్బతిని టీకా బలం తగ్గిపోతుంది. చూడటానికి సీసా మామూలుగానే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ఒక పరీక్ష ఉంది. దానికి యంత్రాలేమీ అక్కర్లేదు. అదే బ్యాచిలో ఒక సీసాని కావాలని గడ్డకట్టించి కరిగిస్తారు. అనుమానం ఉన్న సీసానీ దాన్నీ కలిపి కుదిపి, పక్కపక్కన పెట్టి చూస్తారు. గడ్డకట్టినది పలుకులతో చకచకా అడుక్కి దిగిపోతుంది. మంచిదైతే తెల్లగా తేలుతూ నిదానంగా దిగుతుంది. పెద్ద చదువు లేని నర్సమ్మ కూడా పల్లెలో దీపం వెలుతురులో చెయ్యగల పరీక్ష. ఇంత తెలివైన పరీక్షని మాకు నాలుగేళ్ళ బీఫార్మసీలో ఎవరూ చేసి చూపించలేదన్నది మా చిన్న ఫిర్యాదు.

మరి ఆ అల్యూమినియం?

ఇక న్యూజెర్సీ అన్నయ్యగారి మెసేజ్. అందులో ఒక ముక్క నిజం, టీకాలో అల్యూమినియం ఉంది. ఎంత? మా పాపకి వేసిన రకం ఒక్క డోసులో అంతా కలిపి 0.82 మిల్లీగ్రాములు. ఒకటి రెండు పంచదార పలుకుల బరువు. యూరప్ నియమాల ప్రకారం ఒక డోసులో 1.25 మిల్లీగ్రాములు దాటకూడదు. మనం రోజూ తినే తిండిలో ఇంతకన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. మనూళ్ళో సిల్వర్ గిన్నెలనే అల్యూమినియం గిన్నెల్లో చింతపండు పులుసు మరిగించిన రోజున ఇంకాస్త ఎక్కువే. తిన్నదాంట్లో రక్తంలోకి వెళ్ళేది వెయ్యిలో ఒకటి రెండు పాళ్ళే కాబట్టి ఈ రెండిటినీ నేరుగా పోల్చడం సబబు కాదని మాకు తెలుసు, టీకాని సమర్థించేవాళ్ళు కూడా కొందరు ఆ తప్పు చేస్తుంటారు. టీకాలోది నిదానంగా కరిగి రక్తంలోకి చేరుతుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపేస్తాయి.

లెక్కలకన్నా పిల్లలని చూసి చెప్పిన సాక్ష్యమే మాకు ధైర్యమిచ్చింది. డెన్మార్క్‌లో 12 లక్షలమందికి పైగా పిల్లల రికార్డులు పరిశీలించి, టీకాల్లోంచి అందిన అల్యూమినియం ఎక్కువైనకొద్దీ జబ్బులు పెరిగాయా అని 50 రకాల జబ్బుల విషయంలో చూశారు. ఆటిజం, ఆస్తమా కూడా వాటిలో ఉన్నాయి. పెరగలేదని 2025లో ప్రకటించారు.

నష్టమే లేదని మేమనం. ఇంజెక్షన్ ఇచ్చినచోట నొప్పి, ఎర్రదనం, జ్వరం మామూలే. లోపల గోళీలా గట్టిగా తగిలేది కొన్ని వారాలుంటుంది. చాలా అరుదుగా దురద పెట్టే గడ్డ ఇంకా ఎక్కువకాలం ఉండొచ్చు. చర్మం కింద కాకుండా తొడ కండలోకి లోతుగా వెయ్యడానికి కారణం ఇదే. ఇంకో సంగతీ దాచకూడదు. 1948లో జపాన్‌లోని క్యోటోలో పటికతో దించిన డిప్తీరియా టీకా వేయించుకుని అరవైమందికి పైగా పసిపిల్లలు చనిపోయారు. అక్కడ చంపింది పటిక కాదు. విషం పూర్తిగా విరగకముందే ఆ మందు బయటికొచ్చింది. పటిక టాక్సాయిడ్‌ని పట్టుకోగలదు గానీ విషాన్ని విరిచే పని దానిది కాదు. ఆ పని ఫార్మాలిన్‌ది, అది పూర్తయిందో లేదో చూడాల్సింది మనిషి. ఇవాళ ప్రతి బ్యాచిలో విషం మిగిలిందేమోనని పరీక్షించాకే వదులుతారు. అలాంటి రోజులు చూసే ఆ కట్టుదిట్టాలు బిగిశాయి.

ఈ గొడవలో పడి మేమిద్దరం మా సంగతి మర్చిపోయాం. చివరి ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నాం? ఒకరికి పదో తరగతిలో సైకిల్ మీంచి పడ్డప్పుడు, ఇంకొకరికి అసలు గుర్తే లేదు. సోవియట్ యూనియన్ విడిపోయిన రోజుల్లో అక్కడ పిల్లల టీకాలు తగ్గి, పెద్దవాళ్ళలో పాత రక్షణ అరిగిపోయి 1990ల్లో లక్షన్నరకి పైగా డిప్తీరియా కేసులు వచ్చాయి, అయిదువేలమంది దాకా పోయారు. వాళ్ళలో పెద్దవాళ్ళు చాలామంది. ఇక్కడ మొత్తం అయిదు డోసులు పడితే చాలంటారు. వైద్యం తేలిగ్గా దొరకని చోట్లకి ప్రయాణమైతే, పదేళ్ళు దాటినవాళ్ళు మళ్ళీ ఒకటి వేయించుకోమంటారు. అమెరికాలో ఎలాగూ పదేళ్ళకొకసారి. మన పిల్లల ఎర్ర పుస్తకాలు భద్రంగా దాస్తాం, మన కాగితాలు మాత్రం ఏ అటక మీదో. సంక్రాంతికి కోనసీమ వెళ్ళేలోపు వేయించుకుందామని మేమూ సర్జరీలో అడిగాం. పెద్దవాళ్ళకిచ్చే టీకా పేరులో చిన్న డి అక్షరం రాస్తారు, పిల్లలదాంట్లో పెద్ద డి. డిప్తీరియా టాక్సాయిడ్ పెద్దవాళ్ళకి చాలా తక్కువ మోతాదు కాబట్టి. పిల్లలదాంట్లో కనీసం 30 యూనిట్లుంటే పెద్దవాళ్ళదాంట్లో రెండు చాలు. మలోనీ నాడు చూసిన చేతివాపుల జ్ఞాపకం ఆ చిన్న అక్షరంలో ఉంది.

పన్నెండో వారం వచ్చింది. నలుగురం మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఇంకో నర్సు, పాపం హడావిడిలో ఉంది. సిరంజిని ఒక్కసారి కుదిపి సూది తగిలించబోతుంటే అమ్మమ్మ ముందుకొచ్చి అడ్డుకుంది. "అడుగున ఇంకా తెల్లగా ఉంది, బాగా కలపమనండర్రా" అంది. మేము మొహమాటపడుతూనే ఇంగ్లిష్‌లో చెప్పాం. నర్సు సిరంజిని వెలుతురుకి పట్టి చూసింది. అవును, అడుగున సన్నటి తెల్లగీత. నవ్వి, అమ్మమ్మవైపు చూస్తూనే మళ్ళీ కుదిపింది, ఈసారి గట్టిగా. అమ్మమ్మ దగ్గరగా వంగి చూసి, సరేనన్నట్టు తలూపి, పాప రెండో కాలు తనే పట్టుకుంది.